వెన్ను చూపనివాడు

బేక్‌వెల్ దాటాక, గొర్రెలు రోడ్డు మీదే పడుకునే ఊళ్లో
చర్చి తాళంచెవి పోస్టాఫీసులో అడిగి తెచ్చుకోవాలి.
లోపల అతను. ఆరువందల ఏళ్లుగా వెల్లకిలా.
ముక్కు ఎవరో ఎప్పుడో విరగ్గొట్టారు.
పాదాల దగ్గర రాతి కుక్కపిల్ల మాత్రం చెక్కుచెదరలేదు.

మోకాళ్ల కింద ప్రార్థన దిండు వేసుకుని
టార్చి నోట కరిచి కొలుస్తాను.
భుజం నుంచి మోచేతికి జానెడున్నర.
నడుము దగ్గర బకిల్, చిటికెనవేలి గోరంత,
దాని నాలుక కూడా చెక్కాడు ఆ శిల్పి, మహానుభావుడు.
తొడ మీద రివెట్లు పదిహేడు.
మళ్లీ లెక్కపెడితే పద్దెనిమిది.
ఒకటి గబ్బిలం పెంటిక.

షెఫీల్డ్‌లో రైలు వంతెన కింద నా కొలిమి.
దాగలి మీద ఉక్కురేకు చల్లగా ఉంటే మొండికేస్తుంది,
ఎర్రబడితే చెప్పిన మాట వింటుంది,
మరీ ఎర్రబడితే చెప్పని మాట కూడా వింటుంది.
ఇది డెన్‌జిల్ ఓక్స్ కోసం.
ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపి ఊరుకున్న మనిషి.
రాతివాడి నడుము కందిరీగ నడుము.
"పొట్ట తగ్గించను, ఇనుము పెంచు" అన్నాడు డెన్‌జిల్.
గుండె మీది రేకుని గుమ్మడికాయలా ఉబ్బించాను.
అదృష్టం, ఆ కాలపు ఫ్యాషనూ అదే.

లోపల తొడుక్కునే బొంతచొక్కా నేనే కుట్టాను.
నారగుడ్డ రెండు పొరలు, మధ్యన దూది,
వేలెడు దూరానికో కుట్టు వరస.
ఇనుప పని ఇక్కడే నేర్చుకున్నాను.
బొంత కుట్టడం ఇక్కడెవరూ నాకు నేర్పలేదు.

ముందువైపంతా అయిపోయాక
వచ్చింది చిక్కు. వీపు?
రాతివాడికి వీపు లేదు. ఉన్నా బండలోనే ఉండిపోయింది.
వెన్ను చూపని వీరుడంటే ఏమిటో
నాకప్పుడు తెలిసి ఒళ్లు మండింది.

వీలునామాలు చదివాను.
ఒకాయన కొడుక్కి "నా మంచి ఇనుము" రాశాడు,
అల్లుడికి "రెండో ఇనుము".
వీపు సంగతి ఎవరూ రాయలేదు.
ఇత్తడి పలకల మీది వీరులు, గాజు కిటికీల్లోని వీరులు
అందరికందరూ నాకేసే చూస్తున్నారు.

చివరికి, లైబ్రరీలో స్పాంజి దిండు మీద తెరిచిపెట్టిన
ఒక చేతిరాత పుస్తకంలో, పేజీ అంచున
బొటనవేలంత బొమ్మ:
యుద్ధంలోంచి పారిపోతున్నవాడు.
కత్తి లేదు. టోపీ జారిపోయింది.
ఒక కాలు అప్పుడే గీత దాటి బయటపడింది.
వాడి వీపు మీద ఇనుము లేదు.
రెండు తోలు పట్టీలు, అడ్డంగా ఒకదాన్నొకటి దాటుకుని,
మధ్యన ఒక బకిల్.
మిగతాదంతా బొంత.

అంత ఉక్కుమనిషికీ
వెనకవైపు ఉన్నది కుట్టుపనే.
పెన్సిల్‌తో గీసుకుంటుంటే చెయ్యి వణికింది.
ఆ పిరికివాడు ఆగి, తిరిగి నిలబడి, పేరు తెచ్చుకునుంటే
నేనింకా ఆ రాతి పక్కనే మోకాళ్ల మీద ఉండేదాన్ని.

జూలై. ష్రూస్‌బరీ దగ్గర చిక్కుడు కోసేసిన పొలం.
డెన్‌జిల్‌ది ఓడిపోయే పక్షం,
ఆ సంగతి చరిత్ర ఎప్పుడో తేల్చేసింది.
మూడున్నరకి బాకా ఊదగానే పారిపోవాలి.
ఐస్‌క్రీం బండి పక్కన నిలబడ్డాను.
కెమెరాలన్నీ గెలిచేవాళ్ల ముఖాల వైపు.

బాకా.
డెన్‌జిల్ వెనుదిరిగాడు.
బస్సు తప్పిపోతున్నవాడి పరుగు అది,
ముప్ఫై ఏళ్లు పక్కద్దంలో చూసి చూసి వంటబట్టిన పరుగు.
ఎండలో రెండు పట్టీలు, మధ్యన బకిల్,
చెమటకి తడిసిన బొంత.
ఎడమ పట్టీ ఒక కన్నం వదులుగా ఉంది.
వచ్చాక బిగించాలి.